ఫిలిప్ డ్రింకర్, ఆయన ఇనుప పెట్టె

ఐరన్ లంగ్ తయారుచేసింది ఎవరో డాక్టర్ అనుకునేదాన్ని. కాదు, మనలాగే ఇంజనీరింగ్ చదివినాయన. ఫిలిప్ డ్రింకర్ 1894లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టారు. కెమికల్ ఇంజనీరింగ్ చదివి, బోస్టన్‌లో హార్వర్డ్ ప్రజారోగ్య విభాగంలో చేరారు. ఫ్యాక్టరీల్లో దుమ్ము, గాలి, కార్మికుల ఆరోగ్యం ఆయన సబ్జెక్టు.

1920లలో గ్యాస్ పీల్చో, కరెంట్ షాక్ కొట్టో ఊపిరి ఆగినవాళ్లని బతికించడం మీద అక్కడ పరిశోధన జరిగింది. సహచరుడు లూయిస్ షా ఒక పిల్లిని, తల మాత్రం బయటికి ఉండేలా, గాలి చొరబడని పెట్టెలో ఉంచారు. అది ఊపిరి తీసినప్పుడల్లా లోపల ప్రెషర్ ఎంత మారుతోందో కొలిచారు. అది చూసి డ్రింకర్‌కి తిరగేసి ఆలోచన వచ్చింది. పెట్టెలో ప్రెషర్ మనమే మారిస్తే? మందుతో కదలిక ఆపిన పిల్లి మీద, సిరంజితో పెట్టెలో గాలి లాగుతూ వదులుతూ చూశారు. పిల్లి ఊపిరి తీసుకుంది! అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్ చేసేశారన్నమాట. నాకు బాగా నచ్చిన చోటు ఇదే.

తర్వాత మనిషి పట్టేంత పెట్టె, వాక్యూమ్ క్లీనర్ బ్లోయర్లు. 1928 అక్టోబరులో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో, పోలియోతో ఊపిరాడని ఎనిమిదేళ్ల పాపని అందులో పడుకోబెట్టారు. స్పృహలేని పాప కాసేపట్లోనే తేరుకుంది. కానీ కొన్ని రోజులకే న్యుమోనియాతో చనిపోయింది. మిషన్ ఆమె చేత ఊపిరి తీయించగలిగింది, అంతే. ఆమె మళ్లీ సొంతంగా ఊపిరి తీసుకునేదాకా వెళ్లలేదు.

మరుసటి ఏడాది ఒక హార్వర్డ్ విద్యార్థి ఆ పెట్టెలోకి వెళ్లాడు. దాదాపు నాలుగు వారాలకి, మెల్లగా మిషన్ మాన్పించి బయటికి తెచ్చారు. డాక్టర్లు దీన్ని వీనింగ్ అంటారు, పిల్లలకి పాలు మాన్పించడానికి వాడే మాటే. ఇవాళ ఊపిరితిత్తులు మార్చిన పిల్లలకీ ఇదే పరీక్ష. కొత్త ఊపిరితిత్తులు బాగున్నా, నీరసించిన డయాఫ్రమ్ మళ్లీ పని అందుకోవాలి. తొందరపడితే ట్యూబ్ మళ్లీ వేయాలి, ఆలస్యమైతే ఇన్ఫెక్షన్ భయం.

డ్రింకర్ మీద నాకు కోపం వచ్చిన సంగతీ ఒకటుంది. 1931లో జాన్ ఎమర్సన్ అంతకంటే చవకైన మిషన్ చేస్తే, హార్వర్డ్, డ్రింకర్ కలిసి కేసు వేశారు. ఓడిపోయారు, పేటెంట్లూ పోయాయి. పిల్లలకి పోలియో వస్తున్న రోజుల్లో చవకైన మిషన్ మీద కేసా!

డ్రింకర్ 1972లో చనిపోయారు. అప్పటికే వెంటిలేటర్లు పెట్టెలు మానేసి, ట్యూబ్‌తో గాలి లోపలికి పంపుతున్నాయి.