కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు

మా నాన్న సీఆర్‌పీఎఫ్‌లో పని చేస్తారు. ప్రస్తుతం ఆయన ఉంటున్నది ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా పామేడులో. బస్తర్ అడవుల్లో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు అది. సెలవు దొరికినప్పుడు నాన్న చర్ల మీదుగా ఇంటికి వస్తారు. పోయినసారి వచ్చినప్పుడు నాకొక పని అప్పగించి వెళ్లారు. ఈ వ్యాసం ఆ పనే.

ఒక సాయంత్రం క్యాంపులో, ప్రపంచ హెవీవెయిట్ బాక్సర్లలో అందరికంటే గొప్పవాడెవరని వాదన మొదలైందట. హర్యానా నుంచి వచ్చిన అంకుల్ మహమ్మద్ అలీ అన్నారు. 1964లో, 1974లో, 1978లో మూడుసార్లు ప్రపంచ టైటిల్ గెలిచినవాడు అలీ. ఇంకొకరు జో లూయీ పేరు చెప్పారు. 1937 నుంచి 1949 వరకు టైటిల్ చేజారనీయకుండా, 25 సార్లు నిలబెట్టుకున్నవాడు ఆయన. మరొకరు రాకీ మార్సియానో అన్నారు. ఆడిన 49 పోటీల్లోనూ గెలిచి, ఓటమి అన్నదే లేకుండా రిటైరైనవాడు. కుర్రవాళ్లేమో ఇరవై ఏళ్లకే ఛాంపియన్ అయిన మైక్ టైసన్‌కు ఓటు వేశారు. పంజాబ్ అంకుల్ బాక్సింగ్ వదిలేసి కుస్తీలోకి దిగి, గామా పహిల్వాన్‌ను మించినవాడు లేడన్నారు.

మాది శ్రీకాకుళం. నాన్న కోడి రామ్మూర్తి పేరు చెప్పారు. అక్కడ ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా ఆ పేరు వినలేదట. ఎంతమందిని ఓడించాడు, ఏ టైటిల్ గెలిచాడు అని అడిగితే నాన్న దగ్గర జవాబు లేకపోయింది. అందుకే ఆయన గురించి చదివి మన పత్రికకు రాయమన్నారు.

కోడి రామ్మూర్తి నాయుడు 1882లో వీరఘట్టంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. తండ్రి వెంకన్న నాయుడు. పసితనంలోనే తల్లి చనిపోవడంతో తండ్రి చేతుల మీదే పెరిగారు. చదువు మీద కంటే కసరత్తు మీదే ఆయనకు మనసు ఎక్కువ. పొద్దున్నే ఊరి చెరువు దగ్గరికి వెళ్లి దండీలు, బస్కీలు తీసేవారు. కుస్తీ పట్టేవారు.

కొడుకు ఆసక్తి చూసి తండ్రి ఆయనను విజయనగరంలో ఉన్న తమ్ముడు నారాయణస్వామి ఇంటికి పంపారు. తల్లి లేని పిల్లవాడు, పుట్టిన ఊరు వదిలి, బాబాయి ఇంట్లో ఉంటూ కొత్త బడికి వెళ్లడం ఎలా ఉంటుందో మన విద్యాలయంలో ఎవరికీ వివరించనక్కర్లేదు. విజయనగరంలో ఆయనకు ఒక వ్యాయామశాల దొరికింది. అదే ఆయనకు రెండో ఇల్లయింది. ఇరవై ఏళ్లు దాటేసరికి టన్నుకు పైగా బరువును ఛాతీ మీద మోయగలిగే స్థితికి వచ్చారని చెబుతారు.

తర్వాత మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పొంది, విజయనగరం తిరిగి వచ్చి తాను చదువుకున్న బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు. అంటే కలియుగ భీముడు మొదట మన పీఈటీ సార్ లాంటివారే! బడి పిల్లల చేత కసరత్తులు చేయించడం ఆయన మొదటి ఉద్యోగం.

అక్కడి నుంచి ఆయన సర్కస్‌లోకి వెళ్లారు. సొంత సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా గుడారాలు వేయించారు. ఆయన ప్రదర్శనలు చూసినవాళ్లు మనవళ్లకు కథలుగా చెప్పుకున్నారు. మా నానమ్మ వాళ్ల నాన్న దగ్గర విన్నవి నాన్నకు చెప్పింది. ఒంటికి ఇనుప గొలుసు బిగించి కట్టించుకుని, ఊపిరి పీల్చి ఛాతీ ఉబ్బించి ఆ గొలుసును తెంపేవారు. రెండు భుజాలకూ గొలుసులు కట్టించుకుని రెండు కార్లను ఎదురెదురు దిక్కులకు నడపమనేవారు. ఇంజన్లు రొద పెట్టేవి గాని కార్లు ముందుకు కదిలేవి కావు. నేల మీద పడుకుని ఛాతీ మీద పెద్ద చెక్క పెట్టించుకుని, దాని మీదికి ఏనుగును ఎక్కించుకునేవారు.

ఇందులో మాయ లేదు. ఎనిమిదో తరగతి సైన్స్‌లో పీడనం పాఠం గుర్తు చేసుకోండి. ఏనుగు పాదం నేరుగా ఛాతీ మీద పడితే బరువంతా ఒక్క చోటే పడుతుంది. మధ్యలో వెడల్పాటి చెక్క ఉంటే అదే బరువు ఎక్కువ చోటు మీద పరచుకుంటుంది. అంతమాత్రాన మోసే బరువు తగ్గదు. ఊపిరి నిండుగా బిగబట్టి, పక్కటెముకలు వంగకుండా కండరాలతో నిలబెట్టగలగాలి. రామ్మూర్తి ప్రాణాయామం సాధన చేసింది ఇందుకే. ఆ నిబ్బరం ఏళ్ల తరబడి కసరత్తుతో వచ్చింది కాబట్టి ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి! ఆయన శాకాహారి కూడా. మాంసం తినకపోతే బలం రాదనేవాళ్లకు ఆయన శరీరమే సమాధానం.

ఇప్పుడు నాన్నను అడిగిన ప్రశ్న దగ్గరికి వస్తాను. ఆయన ఎంతమందిని ఓడించారు?

ఆ రోజులు ఎలాంటివో ముందు చూడాలి. మన దేశం తెల్లవారి పాలనలో ఉంది. భారతీయులు ఒంట్లో సత్తువ లేనివాళ్లని, తమను తాము కాపాడుకోలేరని పాలకులు తేలిగ్గా మాట్లాడేవారు. బలం అనగానే ఐరోపా బలశాలి యూజెన్ శాండో పేరే వినిపించేది. మనం వేసుకునే శాండో బనియన్ పేరు ఆయనదే. బాక్సింగ్‌లోనూ ఇదే పరిస్థితి. నల్లజాతివాళ్లతో హెవీవెయిట్ టైటిల్ కోసం తలపడడానికి తెల్ల ఛాంపియన్లు ఒప్పుకునేవారు కాదు. చివరికి 1908 డిసెంబర్ 26న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో టామీ బర్న్స్‌ను ఓడించి జాక్ జాన్సన్ మొదటి నల్లజాతి ఛాంపియన్ అయ్యారు. ఆయన కాలంలోనే ఉన్న శామ్ లాంగ్‌ఫర్డ్ ఎంతో గొప్ప బాక్సరై ఉండి కూడా ఆ టైటిల్ కోసం ఆడే అవకాశం ఒక్కసారీ పొందలేకపోయారు.

దీన్ని బట్టి నాకు ఒకటి అర్థమైంది. ర్యాంకుల పట్టికలో రింగులోకి రానిచ్చినవాళ్ల పేర్లే ఉంటాయి. రానివ్వనివాళ్ల పేర్లు ఉండవు. వీరఘట్టం కుర్రవాడిని ఏ రింగూ పిలవలేదు. ఆయన తన రింగు తానే వేసుకున్నారు. దానికి సర్కస్ గుడారమని పేరు. అందులో ఎదురుగా మనిషి లేడు. గొలుసు ఉంది, కారు ఉంది, ఏనుగు ఉంది. గుడారం నిండా జనం ఉన్నారు. మనవాళ్లకు బలం లేదన్న మాట ఆ జనం కళ్ల ముందే ఓడిపోయేది. వైస్రాయి మింటో స్వయంగా కారులో కూర్చుని నడిపినా రామ్మూర్తి దాన్ని కదలనివ్వలేదన్న కథను తెలుగువాళ్లు ఇప్పటికీ ఇష్టంగా చెప్పుకోవడానికి కారణం ఇదే. ఆయన సీమకు వెళ్లి అక్కడా ప్రదర్శనలిచ్చారు. ఇండియన్ హెర్క్యులస్ అని పేరు తెచ్చుకున్నారు. మనవాళ్లు మాత్రం కలియుగ భీముడనే పిలుచుకున్నారు.

ఆయన ఎంతో సంపాదించారు, అడిగినవాళ్లకు లేదనకుండా ఇచ్చారు. చివరి రోజులు మాత్రం కష్టంగా గడిచాయి. కాలికి వచ్చిన జబ్బు ముదిరి కాలు తీసేయవలసి వచ్చింది. ఏనుగును మోసిన మనిషి ఒంటికాలితో మిగిలారు. ఒరిస్సాలోని బలంగీర్‌లో పట్నా సంస్థానం రాజుగారి ఆదరణలో ఉంటూ 1942 జనవరిలో కన్నుమూశారు. ఇంకొకరి ఊరిలో, ఇంకొక భాష మాట్లాడే మనుషుల మధ్య ఆయన ప్రయాణం ముగిసింది.

పామేడు దగ్గర అడవి దున్నల కోసం ఒక అభయారణ్యం ఉంది. అడవి దున్న ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు. పులి కూడా దాని జోలికి వెళ్లడానికి ఆలోచిస్తుందట. అంత బలమున్న జంతువు ఆ రాష్ట్రంలో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. ఎంత బలమైనా ఎల్లకాలం తనను తాను కాపాడుకోలేదు. రామ్మూర్తి బలమూ అంతే. కానీ ఆయనను చూసి ఊరూరా కుర్రవాళ్లు వ్యాయామశాలల దారి పట్టారు. ఆ బలం కాలితో పాటు పోలేదు.

మాకు శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియం ఉంది. సెలవులకు వెళ్లినప్పుడు నేను అక్కడ పరుగెత్తాను. అప్పుడు ఆ పేరు బోర్డు మీది అక్షరాలు మాత్రమే. రెండు మూడేళ్లకోసారి కొత్త బడిలో చేరే నాకు మొదట ఎదురయ్యే ప్రశ్న, పాత బడిలో నీ ర్యాంకు ఎంత అని. దానికి జవాబు చెప్పడం నాకెప్పుడూ ఇష్టముండేది కాదు. ఈసారి అడిగితే అంత బెరుకు ఉండదు.

పత్రిక అచ్చయ్యాక ఒక కాపీ పామేడుకు పంపుతాను. క్యాంపులో అంకుళ్లకు తెలుగు రాదు కాబట్టి నాన్న హిందీలో చదివి వినిపించాలి. ఎంతమందిని ఓడించాడని మళ్లీ అడిగితే, మనుషులనెవరినీ కాదు, ఒక అబద్ధాన్ని ఓడించారని చెప్పమన్నాను.