సవరల మాట విన్న గిడుగు వారు

ఆగస్టు 29న మనమంతా తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అది గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజని, ఆయన వాడుక భాష కోసం పోరాడారని మన పిల్లలకు చెబుతాం. కానీ తెలుగు కోసం నడుం కట్టకముందే ఆయన కొండల్లో ఉండే సవరల భాష కోసం పాటుపడ్డారు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

రామమూర్తి గారు 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరుగా చేరారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వారి భాష తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబానికి చెందినది. దాని దూరపు బంధువులు వియత్నాం, కంబోడియాలలో ఉన్నాయి. అప్పట్లో దానికి లిపి లేదు. అందుకని తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మాటలు, పాటలు, కథలు సేకరించారు. అక్కడ మలేరియా వస్తే క్వినైన్ వాడారు. దానివల్ల వినికిడి పోయింది. అయినా పని ఆపలేదు.

సవర పిల్లలు వారి భాషలోనే చదువుకోవాలని పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. 1936లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొంత లిపి తయారుచేశారు. రామమూర్తి గారు 1940 జనవరి 22న కన్నుమూశారు.

సవరల సంప్రదాయ నమ్మకం ప్రకారం చనిపోయినవారు సోనుంలుగా మారి, పూజారి నోటి ద్వారా ఇంటివాళ్ళతో మాట్లాడతారు. బతికున్నవాళ్ళు వారితో వాదిస్తారు, ఏడుస్తారు, క్షేమం అడుగుతారు. కేంబ్రిడ్జి పరిశోధకుడు పియర్స్ విటెబ్‌స్కీ ఈ సంభాషణల గురించి పుస్తకాలు రాశారు. ఇప్పుడు చాలామంది సవరలు క్రైస్తవులయ్యారు, ఈ ఆచారం తగ్గిపోయింది.

పోయినవాళ్ళతో కూడా మాట కలపాలనుకున్న మనుషులు వాళ్ళు. మన పిల్లలేమో ఇండియాలో ఉన్న అమ్మమ్మతో, తాతయ్యతో ఫోనులో రెండు మాటలకే ఆగిపోతున్నారు. తప్పులు వస్తాయని సిగ్గుపడుతున్నారు. వేల్స్ వెళితే రోడ్డు బోర్డుల మీద వెల్ష్ కనిపిస్తుంది. అక్కడివాళ్ళు పట్టుబట్టి నిలబెట్టుకున్న భాష అది. మన ఇళ్ళలో బోర్డులు అక్కర్లేదు. పిల్లలు వచ్చీరాని తెలుగులో మాట్లాడితే నవ్వకుండా విందాం. వినడంతోనే కదా రామమూర్తి గారు మొదలుపెట్టింది!