దామోదరం సంజీవయ్య

తుంగభద్రానది కొంతదూరం రాయచూరు, కర్నూలు జిల్లాల మధ్య సరిహద్దుగా ప్రవహిస్తుంది. ఉత్తరపు ఒడ్డు కర్ణాటక, దక్షిణపు ఒడ్డు ఆంధ్రప్రదేశ్. అయినా రాయచూరు తాలూకాలోని యరగేర వంటి గ్రామాల తెలుగువారికి ఆవలి ఒడ్డు పరాయిసీమ కాదు. రెండు వైపులా అవే మెట్టపొలాలు, అవే ఎండలు, వానకోసం అదే ఎదురుచూపు. రాయచూరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. కర్నూలు 1953 నుండి 1956 వరకు ఆంధ్రరాష్ట్రానికి రాజధానిగా ఉండేది.

ఆ కర్నూలుకు సమీపంలో పెదపాడు అనే పల్లె ఉంది. ఆ పల్లెలో పుట్టిన ఒక నిరుపేద బాలుడు పెరిగి పెద్దవాడై రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ప్రజల సొమ్ము ఆయన చేతుల మీదుగా ఎంతో ఖర్చయింది. అందులో ఒక్క పైసా కూడా దారి తప్పరాదని ఆయన తలచారు. తాను నిజాయితీగా ఉంటే చాలునని ఊరుకోలేదు. ఇతరుల లెక్కలను కూడా పరిశీలించే ఒక శాఖను నెలకొల్పారు. ఆయనే దామోదరం సంజీవయ్య.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14వ తేదీన జన్మించారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునయ్య. వారిది షెడ్యూల్డు కులానికి చెందిన కుటుంబం. సొంత భూమి లేదు. కూలి చేస్తేనే పూట గడిచేది. సంజీవయ్య పుట్టిన కొద్దిరోజులకే తండ్రి మరణించారు. కుటుంబభారం తల్లిపైన, అన్న చిన్నయ్యపైన పడింది. చిన్నయ్య తాను కూలిపనులు చేస్తూ తమ్ముణ్ణి బడికి పంపాడు. ఒకరి చెమట మరొకరికి చదువయింది. ఈ సంగతిని సంజీవయ్య జీవితాంతం మరువలేదు.

ఆయన పెదపాడులోను, కర్నూలులోను చదువుకొని, అనంతపురంలోని దత్తమండల కళాశాలలో 1942లో పట్టభద్రులయ్యారు. అది రెండవ ప్రపంచయుద్ధకాలం. ఉద్యోగాలు దొరకడం కష్టంగా ఉండేది. నిత్యావసర వస్తువుల కొరత తీవ్రంగా ఉండడంతో ప్రభుత్వం రేషను పద్ధతిని ప్రవేశపెట్టింది. కర్నూలు రేషను కార్యాలయంలో ఆయనకు గుమాస్తా ఉద్యోగం లభించింది. పేదవాని ఇంటికి చేరవలసిన గింజ కాగితాల మీద ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి అంతకన్న మంచి చోటు లేదు. తరువాత ఆయన మద్రాసు వెళ్లి 1948లో న్యాయశాస్త్ర పట్టం పొందారు. 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు.

అదే సంవత్సరం ఆయన తాత్కాలిక పార్లమెంటుకు సభ్యులయ్యారు. దేశానికి రాజ్యాంగం అమలులోకి వచ్చిన తొలి రోజులవి. ప్రజాప్రతినిధులు ఎలా మెలగాలో నలుగురూ నేర్చుకుంటున్న కాలం. 1951లో ఆ సభలోనే ఒక చేదు సంఘటన జరిగింది. ముద్గల్ అనే సభ్యుడు బొంబాయిలోని ఒక వ్యాపారసంఘం నుండి సొమ్ము తీసుకొని, వారి పక్షాన సభలో పనిచేశాడనే ఆరోపణ వచ్చింది. ప్రధానమంత్రి నెహ్రూ విచారణసంఘాన్ని ప్రతిపాదించారు. ఆరోపణ రుజువయింది. సభ అతనిని వెలివేయడానికి పూనుకున్నది. అతడు రాజీనామా చేసినా, అతని ప్రవర్తన సభ్యునికి తగనిదని సభ తీర్మానించింది. తన సభ్యుని తప్పును సభే బయటపెట్టడం వల్ల సభ గౌరవం తగ్గలేదు, నిలిచింది.

1952లో సంజీవయ్య మద్రాసు శాసనసభకు ఎన్నికై రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు టంగుటూరి ప్రకాశం పంతులు మంత్రివర్గంలో చేరారు. 1954లో ఉపాధ్యాయిని అయిన కృష్ణవేణిగారిని వివాహమాడారు. 1960 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పదవిని స్వీకరించారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు నిండలేదు. షెడ్యూల్డు కులాలకు చెందినవారు ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి కావడం దేశంలో అదే మొదటిసారి.

ఆయన పదవిలో ఉన్నది సుమారు రెండు సంవత్సరాలు. ఆ కొద్దికాలంలోనే ఆదరణ లేని వృద్ధులకు పింఛను పథకాన్ని ప్రారంభించారు. భూమిలేని పేదలకు సుమారు ఆరు లక్షల ఎకరాల ప్రభుత్వభూమి పంపిణీ జరిగింది. ప్రభుత్వ ఉత్తర ప్రత్యుత్తరాలు ప్రజల భాషలో సాగాలని ఆయన పట్టుబట్టారు.

ఈ పనులన్నిటిలో ఒక సూక్ష్మం ఉంది. పింఛను ఇవ్వాలంటే ఉద్యోగి ఊరికి వెళ్లాలి. దరఖాస్తు పెట్టిన ముసలమ్మ వయసెంత, ఆమెకు దిక్కెవరు అని కళ్లారా చూడాలి. భూమి ఇవ్వాలంటే సర్వేయరు గొలుసు పట్టుకొని పొలంలో నడవాలి. చెరువుకట్ట తెగితే ఇంజనీరు వచ్చి కొలవాలి. అంటే ప్రభుత్వం పేదవాని గడపకు చేరాలంటే ఎవరో ఒకరు ప్రయాణం చేయక తప్పదు. ఆ ప్రయాణానికి అయ్యే ఖర్చును ప్రభుత్వం ప్రయాణభత్యం రూపంలో ఇస్తుంది. బయట గడిపిన రోజులకు దినభత్యం కూడా ఇస్తుంది. బయలుదేరిన వేళ, చేరిన వేళ, ఎక్కిన వాహనం, వెళ్లిన పని బిల్లులో వ్రాసి సంతకం చేయాలి. మంత్రులకు, శాసనసభ్యులకు కూడా చట్టం ప్రకారం ఇటువంటి భత్యాలు ఉన్నాయి. ఇవి బహుమానాలు కావు. ప్రజల పని మీద తిరగడానికి ప్రజలే ఇచ్చే దారిఖర్చు.

ఒక ఉద్యోగి రాయచూరు నుండి యరగేరకు బోరింగు చూడడానికి రావలసి ఉన్నదనుకుందాం. అతడు బస్సులో వచ్చి కారులో వచ్చినట్లు వ్రాస్తే అది దొంగలెక్క. ఒకరోజు ఉండి మూడురోజులు ఉన్నట్లు వ్రాస్తే అదీ దొంగలెక్కే. అసలు రాకుండానే వచ్చినట్లు వ్రాస్తే నష్టం రెండింతలవుతుంది. ఖజానా నుండి సొమ్ము పోతుంది, బోరింగు పాడై అలాగే ఉంటుంది. కాగితం మీద మాత్రం అధికారి వచ్చాడు, చూశాడు, వెళ్లాడు. ఆడవాళ్లు బిందెలు పట్టుకొని దూరపు బావికి నడుస్తూనే ఉంటారు.

మూడవ నష్టం మరొకటి ఉంది. అది ఏ పద్దులోను కనిపించదు. ఒకసారి మోసపోయిన ఊరు తరువాత నిజాయితీపరుడు వచ్చినా నమ్మదు. పింఛనుకు అర్హత ఉన్న అవ్వ కూడా అదంతా పెద్దలు తినడానికేనని దరఖాస్తు పెట్టదు. పన్ను కట్టేవాడు ఎందుకు కట్టాలని సణుగుతాడు. సొమ్ము పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. నమ్మకం పోతే తిరిగి రావడానికి ఒక తరం పడుతుంది.

లంచం, దొంగలెక్క, అధికార దుర్వినియోగం అనే ఈ చీడను పట్టుకోవడానికి సంజీవయ్య ప్రభుత్వకాలంలో 1961 జనవరి 2వ తేదీన హైదరాబాదు కేంద్రంగా అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. కేంద్రప్రభుత్వం అవినీతి నివారణ గురించి సంతానం సంఘాన్ని నియమించినది 1962లో. కేంద్ర నిఘా సంఘం ఏర్పడినది 1964లో. వాటికంటె ముందే ఆంధ్రప్రదేశ్ ఈ అడుగు వేసింది.

ఈ శాఖ పనిచేసే తీరు తెలుసుకోదగినది. ఒక ఉద్యోగి లంచం అడిగితే, అడగబడినవాడు శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. శాఖవారు ఆ నోట్లకు ఫినాఫ్తలీన్ అనే పొడి పూస్తారు. ఆ నోట్లను తాకిన వేళ్లను సోడియం కార్బొనేటు ద్రావణంలో కడిగిస్తే నీరు గులాబిరంగుకు మారుతుంది. రసాయనశాస్త్రం సాక్ష్యం చెబుతుంది. ఆదాయానికి మించి ఆస్తులు కూడబెట్టినవారి లెక్కలను కూడా శాఖ వెలికితీస్తుంది.

ఇతరుల లెక్క అడిగేవారు మొదట తమ లెక్క సరిగా ఉంచుకోవాలి. సంజీవయ్య ఆ పరీక్షలో నెగ్గారు. తెలుగునాట ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. ముఖ్యమంత్రి బాగా ఆస్తి సంపాదించాడని కొందరు ఢిల్లీకి చెప్పగా, నిజం తెలుసుకోవడానికి ఒకరు ఆయన పల్లెకు వచ్చారట. అక్కడ ముఖ్యమంత్రిగారి తల్లి కట్టెలపొయ్యి మీద వంట చేసుకుంటూ కనిపించిందట. ఇది జనం నోట బ్రతికిన కథ. ఒక పాలకుని గురించి జనం ఎటువంటి కథలు చెప్పుకుంటారో, వారికి అతనిపై ఎటువంటి నమ్మకం ఉన్నదో దానిని బట్టి గ్రహించవచ్చు.

1962 మార్చిలో సంజీవయ్య ముఖ్యమంత్రి పదవి నుండి తప్పుకున్నారు. అదే సంవత్సరం అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో కార్మికశాఖ మంత్రి అయ్యారు. కార్మికులకు బోనసు పొందే హక్కును ఇచ్చిన 1965 నాటి చట్టం ఆయన మంత్రిగా ఉన్నప్పుడే వచ్చింది. 1972 మే నెలలో ఢిల్లీలో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరాలు. ఇన్ని పదవులు నిర్వహించిన ఆయన చెప్పుకోదగిన ఆస్తిని మిగల్చలేదు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఆయన పేరు మీద ఒక ఉద్యానవనం ఉంది.

ఆయన నెలకొల్పిన శాఖ ఆయనతో పోలేదు. 2014లో రాష్ట్రం రెండుగా ఏర్పడిన తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వేర్వేరుగా పనిచేస్తున్నది. అయితే శాఖ ఉన్నంత మాత్రాన అవినీతి అంతరించదు. కొందరు రాజ్యసభ సభ్యుల మీద నకిలీ విమాన టిక్కెట్లతో ప్రయాణభత్యం పొందారని కేసులు నమోదయ్యాయి. వారిలో ఒక మాజీ సభ్యుడు చేయని ప్రయాణాలకు 23 లక్షల రూపాయలకు పైగా కోరినట్లు తేలింది. 2022లో ఢిల్లీలోని న్యాయస్థానం అతనికి మూడేళ్ల శిక్ష విధించింది. అప్పటికి అతడు బీహారు శాసనసభ్యుడు. ఆ పదవి కూడా పోయింది. తీర్పు రావడానికి ఏళ్లు పట్టింది, కాని వచ్చింది.

కాపలావానికి కాపలా ఎవరన్నది మరొక ప్రశ్న. ఏ ప్రభుత్వాన్ని పరిశీలించాలో ఆ ప్రభుత్వం చేతిలోనే శాఖ ఉంటే, పెద్దల తప్పులు పట్టుకోవడం కష్టం. కర్ణాటకలో ఈ పనికి 1984 నాటి చట్టం ద్వారా లోకాయుక్త వ్యవస్థ ఏర్పడింది. 2016లో రాష్ట్రప్రభుత్వం వేరుగా అవినీతి నిరోధక దళాన్ని నెలకొల్పి, లోకాయుక్త పోలీసుల అధికారాలను దానికి అప్పగించింది. 2022 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు ఆ దళాన్ని రద్దుచేసి, అధికారాలను తిరిగి లోకాయుక్తకు ఇచ్చింది. పరిశీలించే సంస్థ స్వతంత్రంగా ఉండాలన్నదే ఆ తీర్పులోని సారం.

నిజాయితీపరుడైన నాయకుడు ఉన్నంతకాలం ప్రజల సొమ్ము భద్రంగా ఉండవచ్చు. ఆయన వెళ్లిపోయిన తరువాత దానిని చట్టం కాపాడాలి. చట్టం చేయలేని పనిని ప్రజల కన్ను చేయాలి. ఊరికి అధికారి వచ్చాడా లేదా అన్నది ఊరివారికి తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు. గ్రామసభలో లెక్క అడగడం, సమాచారహక్కు చట్టం కింద బిల్లుల నకలు కోరడం నేడు ప్రతి పౌరునికి సాధ్యమే. 2005లో వచ్చిన ఆ చట్టం సంజీవయ్య కాలంలో లేదు. కూలి డబ్బుతో తమ్ముణ్ణి చదివించిన అన్నలు, చెమటోడ్చి పన్ను కట్టే తల్లిదండ్రులు ప్రతి పల్లెలోను ఉన్నారు. ప్రభుత్వ ఖజానా అంటే వారి కష్టార్జితమే. అది తెలిసినవారు దొంగలెక్క మీద సంతకం చేయలేరు. సంజీవయ్య జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.