యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షను మూడవ ప్రయత్నంలో గాని దాటలేకపోయారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందుకు ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు, అంతకన్న తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తి పడవలసి వచ్చింది. ఇంతకన్న పెద్ద దెబ్బ ఇంట తగిలింది. ఇద్దరు సోదరులు స్ప్రూ వ్యాధికి బలయ్యారు. తిన్న ఆహారం ఒంటపట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే వ్యాధి అది. అప్పటికి దానికి సరైన మందు లేదు.

1922లో ఆయన బోస్టన్ చేరి, రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డులో చదివారు. ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. అయినా అక్కడ స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడి పరిశోధక బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు ఔషధం దొరికింది; సోదరులకు మాత్రం అందలేదు.

ఆ రోజులలోనే సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ సోకిన చిన్నారులకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన మందులిచ్చి చూడగా వ్యాధి మరింత ముదిరినట్లు కనిపించింది. ఆ వైఫల్యమే దారి చూపింది. కణం విభజన చెందాలంటే డి.ఎన్.ఎ. తయారు కావాలి, అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. సుబ్బారావు బృందం అందించిన అమినాప్టెరిన్ రూపంలో ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దానిని వినియోగించే ఎంజైమును పనిచేయనివ్వదు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాలలో 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే. అయినా అంతవరకు ఆ తల్లిదండ్రులకు ఆ మాత్రం ఆశ కూడా లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్ళ వయసులో అమెరికాలో కన్నుమూశారు.

ఇటువంటి మందులకు కొన్ని కణాలు ఎందుకు లొంగవన్న ప్రశ్నకు ఒక సమాధానం 2007లో లభించింది. మన కణాలలో మైక్రో ఆర్.ఎన్.ఎ. అనే అతి చిన్న అణువులుంటాయి. జన్యువు పంపిన సందేశాన్ని అంటిపెట్టుకొని, ప్రోటీను తయారీని తగ్గించడం వాటి పని. అమినాప్టెరిన్ వంటిదే అయిన మెథోట్రెక్సేట్ అడ్డగించే ఎంజైముపై మిర్-24 అనే మైక్రో ఆర్.ఎన్.ఎ. అదుపు ఉంటుంది. జన్యువులో ఒక్క అక్షరం మారితే ఆ పట్టు సడలుతుంది. ఎంజైము పెరిగిపోయి మందు చాలదు.

ఈ కుదురుకే చెందిన పెమెట్రెక్సెడ్‌ను నేడు కొన్ని రకాల ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడుతున్నారు. దాని దుష్ప్రభావాలు తగ్గడానికి వైద్యులు రోగికి ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా ఇస్తారు.