మార్లవాయి హైమన్‌డార్ఫు

1940లో ఆదిలాబాదు అడవులలో, భూమికై పోరిన గోండు వీరుడు కొమురం భీము జోడేఘాటున నిజాము పోలీసుల తూటాలకు నేలకొరిగెను. గోండుల అశాంతికి మూలమేమో కనుగొనుటకు ప్రభుత్వము హైమన్‌డార్ఫును నియోగించెను. 1909లో వియన్నా నగరమున జన్మించిన ఈ మానవశాస్త్రవేత్త, భార్య బెట్టీతో మార్లవాయి గ్రామమున పూరియింట కాపురముండి గోండీ భాష నేర్చెను. తాము దున్నిన పొలములకు పట్టాలు లేకుండుటయే వారి దుఃఖమని గ్రహించి సర్కారునకు విన్నవించెను. వేలాది కుటుంబములకు పట్టాలు లభించెను. తెలియని భాషలో చదువు పసివారికెంత భారము! 1943లో మార్లవాయిలోనే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలయ్యెను. గోండీలో వాచకములు వెలసెను. 1987లో హైదరాబాదున మరణించిన బెట్టీని మార్లవాయిలో సమాధి చేసిరి. 1995లో లండనున ఆయన కన్నుమూసెను. 2012లో ఆయన చితాభస్మము ఆమె ప్రక్కకు చేరెను.