సైనికుల పక్షాన నిలిచిన ప్లీడరు – అబ్రహాం లింకన్

అబ్రహాం లింకన్ పేరు వినగానే మనకు బానిసత్వ నిర్మూలన స్ఫురిస్తుంది. అధ్యక్షపదవికి రాకముందు ఆయన దాదాపు పాతికేళ్లు ప్లీడరు వృత్తిలో ఉన్నాడనీ, అంగవైకల్యం పొందిన సైనికులకు, దిక్కులేని వారి కుటుంబాలకు చట్టరీత్యా ఆసరా కల్పించాడనీ మనలో చాలమందికి తెలియదు. ఆ విషయాన్నే విద్యార్థి మిత్రుల ముందు ఉంచదలచాము.

1809 ఫిబ్రవరి 12న కెంటకీలోని ఒక బీద కుటుంబంలో లింకన్ జన్మించాడు. ఆయన బడిలో చదివిన కాలమంతా కలిపినా ఒక్క సంవత్సరం కాదు. 1832లో బ్లాక్ హాక్ యుద్ధంలో స్వచ్ఛంద సైనికుడుగా కొద్దికాలం పనిచేశాడు. తరువాత న్యాయశాస్త్ర గ్రంథాలను ఎరువు తెచ్చుకొని స్వయంగా చదివి, 1836లో వకాల్తా అనుమతి పొందాడు. 1837లో స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చేరి అక్కడ స్థిరపడ్డాడు.

1846లో ఒక వృద్ధ వితంతువు ఆయన కార్యాలయానికి వచ్చింది. ఆమె భర్త అమెరికా స్వాతంత్ర్య సమరంలో పోరాడిన సైనికుడు. ఆమెకు రావలసిన పింఛను ఇప్పించిన ఏజెంటు అందులో సగం సొమ్మును తన రుసుముగా మినహాయించుకున్నాడు. లింకన్ అతనిపై దావా వేసి, జ్యూరీ హృదయం ద్రవించేటట్లు వాదించి గెలిచాడు. ఆమెవద్ద రుసుము తీసుకోలేదు సరికదా, దారి ఖర్చులు కూడా తానే భరించాడని ఆయన భాగస్వామి హెర్న్‌డన్ వ్రాశాడు.

అంతర్యుద్ధ కాలంలో, 1862 జూలై 14న, అధ్యక్షుడుగా ఆయన పింఛను చట్టంపై సంతకం చేశాడు. యుద్ధసేవలో పూర్తిగా అశక్తుడైన సామాన్య సైనికునికి నెలకు 8 డాలర్లు ఆ చట్టం నిర్ణయించింది. మరణించిన వారి భార్యాబిడ్డలకే గాక, వారిపై ఆధారపడిన తల్లులకు, అనాథలైన చెల్లెండ్రకు కూడా హక్కు కల్పించింది. దరఖాస్తు నడిపే ప్లీడరు రుసుమును 5 డాలర్లకు పరిమితం చేసింది. ఆ వృద్ధురాలికి జరిగిన అన్యాయం మరొకరికి జరగకుండా ఇప్పుడు చట్టమే అడ్డు నిలిచింది.

అయితే నల్లజాతి సైనికుల భార్యలకు ఈ ద్వారం తెరచుకోలేదు. బానిసల వివాహాలను చట్టం గుర్తించకపోవడమే దీనికి కారణం. 1864 ఏప్రిల్‌లో ఫోర్ట్ పిల్లో వద్ద ఎందరో నల్లజాతి సైనికులు హతులైనారు. అక్కడే మరణించిన శ్వేతజాతి మేజర్ బూత్ భార్య, తనకొరకు గాక ఆ స్త్రీలకొరకు లింకన్‌ను కలిసి మొరపెట్టుకున్నది. ఆమె మాట సమంజసమని భావించి, ఆయన సెనేటర్ సమ్నర్‌కు లేఖ వ్రాశాడు. ఆ జూలై 4న వెలువడిన చట్టం, దంపతులుగా కలిసి జీవించినారన్న సాక్ష్యమే చాలునని అంగీకరించింది.

1865 మార్చి 3న వికలాంగ సైనికుల ఆశ్రయ సంస్థను నెలకొల్పే చట్టంపై లింకన్ సంతకం చేశాడు. మరునాడే రెండవసారి పదవీ స్వీకారం చేస్తూ, గాయపడిన సైనికుని, అతని వితంతువును, అనాథ బిడ్డను ఆదుకోవడం జాతి కర్తవ్యమని ప్రకటించాడు. ఆరు వారాలకు, ఏప్రిల్ 15న, హంతకుని తుపాకి గుండుకు బలియైనాడు.

హక్కు కాగితంపై ఉన్నంతమాత్రాన అర్హుని చేతికి చేరదు. మధ్యలో నిజాయితీగల మనిషి ఒకడు నిలవాలి. న్యాయశాస్త్రం చదువబోయే మన సోదర సోదరీమణులు ఈ ఒక్క మాటను మనసున నిలుపుకొందురని ఆశిస్తున్నాము.