ఎదురుకాల్పుల కథనాన్ని నిలదీసిన తార్కుండే

పోలీసు కాల్పుల్లో మనిషి మరణిస్తే, ఆ పోలీసుల మాటే తుది సాక్ష్యం కారాదని పట్టుబట్టిన న్యాయకోవిదుడు వి.ఎం. తార్కుండే. 1909లో పుణే జిల్లా సాస్వడ్‌లో జన్మించారు. ఎం.ఎన్. రాయ్ అనుయాయి. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి పదవిని 1969లో గడువుకు ముందే స్వచ్ఛందంగా వీడారు.

అత్యవసర పరిస్థితి ముగిశాక, 1977లో జయప్రకాశ్ నారాయణ్ ఏర్పరచిన కమిటీకి ఆయన సారథ్యం వహించారు. కాళోజీ నారాయణరావు అందులో సభ్యులు, కె.జి. కన్నబిరాన్ కార్యదర్శి. 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎదురుకాల్పుల్లో మరణించారన్నది పోలీసుల ప్రకటన. కమిటీ సాక్షులను కలిసి వివరాలు సేకరించింది. నలుగురినీ ముందే నిర్బంధించి, చెట్లకు కట్టి కాల్చారని తేల్చింది. సమన్లు జారీచేసే అధికారమైనా లేని కమిటీ అది! అయినా ప్రభుత్వం దాన్ని తోసిపుచ్చలేక జస్టిస్ భార్గవ కమిషన్‌ను నియమించింది. తీరా విచారణ రహస్యంగా సాగాలని ప్రభుత్వమే కోరడంతో పౌరహక్కుల పక్షం వైదొలగింది. కమిషన్ పని అసంపూర్ణంగా ఆగిపోయింది.

తార్కుండే 2004 మార్చి 22న కన్నుమూశారు. జయప్రకాశ్‌తో కలిసి ఆయన నెలకొల్పిన పీయూసీఎల్ వేసిన వ్యాజ్యంలోనే, 2014లో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తునకు 16 మార్గదర్శకాలు విధించింది. సీఐడీ గానీ, వేరే పోలీస్ స్టేషన్ బృందం గానీ దర్యాప్తు జరపాలన్నది వాటిలో ఒకటి.